పేరు తెలియని చోట చెల్లే నమ్మకం

నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా వ్యాపారం సగం మాట మీదే నడుస్తుంది. కల్లంలో ఆరబోసిన మిర్చి చూడటానికి వచ్చిన కమీషన్ వ్యాపారి గుప్పెడు కాయలు తీసుకుని, ఒకటి విరిచి చూసి అడుగుతాడు: "ఏం బాబాయ్, చెమ్మ లేదుగా?" "నీకెప్పుడైనా చెమ్మ సరుకు అంటగట్టానా అబ్బాయ్? కావాలంటే మీ నాన్ననడుగు" అంటాడు రైతు. అక్కడితో బేరం సగం తెగినట్టే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడాల్సినవాళ్లే. ఎవరు మాట తప్పినా ఆ కబురు సాయంత్రానికల్లా పది ఊళ్లు తిరుగుతుంది. ఇక్కడ హామీపత్రం ఎవరూ రాసివ్వరు. పరువు పోతుందన్న భయమే హామీ.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత ఇలాంటి చోట అక్షరాలా నిజం. అయితే ఆ మిర్చే గుంటూరు యార్డు దాటి, కంటైనర్ ఎక్కి, సముద్రం మీదుగా వెళ్లి పరాయి రేవులో దిగిందనుకోండి. అక్కడి తనిఖీ అధికారికి మీ నోరు వినపడదు, మీ నాన్న ఎవరో తెలియదు. అతని ముందున్నవి సరుకు, సరుకుతో వచ్చిన కాగితం, సరుకు కింద ఉన్న చెక్క ప్యాలెట్. మీరు ఎంత నిజాయతీపరులో ఆ మూడింటిని బట్టే అతను తేల్చుకోవాలి.

మీరు ఎగుమతిదారు కాకపోవచ్చు. హైదరాబాద్ కంపెనీలో ఇంటర్వ్యూకి బయలుదేరిన కుర్రాడైనా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే గృహిణి అయినా, ఊరు దాటి పని పట్టాలనుకునే మేస్త్రి అయినా మీకూ అలాంటి రేవు ఒకటి ఎదురవుతుంది. మిమ్మల్ని ఎరగని మనిషి మీ పనిని ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నకు ప్రపంచ దేశాలు ఏళ్ల తరబడి కూర్చుని ఒక జవాబు రాసుకున్నాయి. మొక్కలు, పళ్లు, గింజలు, చెక్క దేశం దాటేటప్పుడు వాటితోపాటు పురుగులు దాటకుండా చేసే శుద్ధి ప్రమాణాలే ఆ జవాబు.

వీటికి మూలం 1951లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కుదిరిన అంతర్జాతీయ సస్య రక్షణ ఒప్పందం. భారత్ 1952లో అందులో చేరింది. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో వచ్చాక ఈ ఒప్పందం కింద తయారయ్యే ప్రమాణాలకు వ్యాపార తగాదాల్లో బరువు పెరిగింది. ప్రమాణాలకు అంకెలే పేర్లు. చెక్క ప్యాకింగుకు 15, రేడియేషన్‌కు 18, నిరూపితమైన శుద్ధి పద్ధతుల జాబితాకు 28, వేడి, చలి పద్ధతులకు 42, గ్యాస్ పట్టించే ఫ్యూమిగేషన్‌కు 43. వాటిలో నుంచి మన రోజువారీ పనికి తీసుకోదగ్గ సూత్రాలు ఆరు.

1. ఎదుటివాడి భయమేమిటో ముందు తెలుసుకోండి

అవతలి దేశం మన సరుకును ఆపగానే మనకొచ్చే మొదటి ఆలోచన, మనమంటే వాళ్లకు చులకన అని. 2021-22లో కృష్ణా మెట్టలో మిర్చి వేసిన రైతుకు మాత్రం వాళ్ల అసలు భయం ఏమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ ఏడాది పూతలో చేరిన నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో మిర్చి చేలను ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టినా లొంగక, కొందరు పైరు పీకేసి వేరే పంట వేసుకున్నారు. ఆ పురుగు మన నేలది కాదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మీద 2015లో కనిపించింది. మొక్కజొన్నను పట్టిన కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2018లో కర్ణాటకలో దిగి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. నందిగామ, జగ్గయ్యపేటల్లో చేలకు చేలే ఆక్రమించిన సుబాబుల్‌ను పీడించే పేనులాంటి పురుగు కూడా మధ్య అమెరికా వైపు నుంచి బయలుదేరి, పసిఫిక్ దీవుల మీదుగా 1988లో భారత్ చేరింది.

ఇప్పుడు అద్దం తిప్పి చూడండి. గోదాముల్లో గింజను పిండి చేసే ఖాప్రా పురుగు పుట్టిల్లు మన ఉపఖండమే. దాని లార్వా తిండి లేకుండా ఏళ్ల తరబడి గోడ పగుళ్లలోనో కంటైనర్ మూలల్లోనో దాక్కుని బతుకుతుంది. అందుకే 2011 నుంచి అమెరికా మనలాంటి దేశాల ప్రయాణికులు పెట్టెల్లో బియ్యం తెచ్చుకోనివ్వడం లేదు. డాలస్‌లో ఉన్న కూతురి కోసం సోనామసూరి కట్టుకెళ్లిన అమ్మ చేతిలో నుంచి విమానాశ్రయంలో ఆ మూట లాక్కుంటే ఆమెకు అవమానమే. అయినా అక్కడి అధికారి ఆపుతున్నది ఆమెను కాదు, గోధుమ గోదాముల్లో ఒకసారి చేరితే వదలని పురుగును.

మిమ్మల్ని ఎవరైనా శంకించినప్పుడు "నన్నే అనుమానిస్తారా" అని ఉడుక్కోవడం మానండి. "మీకు ఇంతకుముందు ఏం జరిగింది?" అని అడగండి. పచ్చడి కొనే ఆమెకు బూజు పట్టిన సీసా ఒకటి వచ్చి ఉండవచ్చు. కంపెనీవాళ్లు చేరిన నెలకే మానేసిన కుర్రాళ్లను చూసి ఉండవచ్చు. ఆ భయం పేరు తెలిశాకే దానికి తగిన జవాబు తయారుచేయగలరు.

2. ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి పనిచేస్తుందనుకోకండి

మామిడి విషయంలో మనవాళ్లకు ఈ పాఠం బాగా ఎక్కింది. బంగినపల్లి పండులో కొనేవారి భయం ప్రధానంగా రెండు: పండు ఈగ, టెంక పురుగు. 1986లో పండు ఈగ భయంతో జపాన్ మన మామిడికి తలుపు మూసి, 2006లో గానీ తీయలేదు. తీసేటప్పుడు పెట్టిన షరతు ఆవిరి శుద్ధి: కాయ లోపల వేడి 47.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి, 20 నిమిషాలు అలాగే ఉండాలి. యూరప్‌కు వెళ్లే మామిడికి మనవాళ్లు ఎంచుకున్న దారుల్లో ఒకటి 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచడం. అమెరికా 2007లో తలుపు తీసింది. అయితే అక్కడికి పండు రేడియేషన్ పొంది వెళ్లాలి, మోతాదు 400 గ్రే. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రం నుంచి వెళ్లాయి.

పండు అదే, ఈగ అదే, కొనేవారు ముగ్గురు, మందులు మూడు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఎవరి శాస్త్రవేత్తలు దేన్ని పరీక్షించి తృప్తిపడ్డారన్నదే లెక్క. జపాన్ ఆర్డరుకు వేడినీటి శుద్ధి చేసి పంపితే, మీరు ఎంత శ్రద్ధగా చేసినా సరుకు వెనక్కి వస్తుంది.

మనలో కష్టజీవులు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అడగకుండా రెట్టింపు పని చేసి, మెచ్చుకోలేదని బాధపడతారు. పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "ఇది అయిందని మీరు దేన్ని చూసి ఒప్పుకుంటారు?" జవాబును కాగితం మీద రాసుకోండి. ఆ తరువాతే చేతులు కదపండి.

3. అన్నిటికంటే నెమ్మదిగా వేడెక్కే చోట కొలవండి

చెక్క ప్యాకింగుకు సంబంధించిన 15వ ప్రమాణం 2002లో వచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చెట్లను లోపలి నుంచి తొలిచేస్తున్న ఒక ఆసియా పెంకు పురుగు బయటపడింది. సరుకు వెంట వచ్చిన చెక్క పెట్టెల్లో దాక్కుని అది సముద్రం దాటిందని తేలాక, సరుకు మీదే కాదు, దాని కింది చెక్క మీదా ప్రపంచం కన్నేసింది. వేడితో శుద్ధి చేస్తే ఈ ప్రమాణం అడిగేది బెరడు తీసిన చెక్క నడిగర్భంలో 56 డిగ్రీల వేడి, ఎడతెగకుండా 30 నిమిషాలు.

ఈ వాక్యంలో రెండు మాటల మీద ఆగండి. ఒకటి, నడిగర్భం. గదిలో థర్మామీటరు 70 చూపిస్తున్నా లెక్కలోకి రాదు. దళసరి దుంగ మధ్యలో దిగేసిన సెన్సరు 56 చూపించాలి. పండ్ల వేడి శుద్ధిలోనూ సెన్సర్లు పెట్టేది అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. ప్రమాణం దానికి ఒప్పుకోదు. గిన్నె మధ్యలో మెతుకు మెత్తబడ్డా, అంచున పలుకు మిగిలే ఉండవచ్చు. పురుగు మిగిలేది సరిగ్గా అలాంటి ఉడకని చోటే.

రెండో మాట, ఎడతెగకుండా. ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయి వేడి 56 కంటే దిగితే, మళ్లీ వచ్చాక మిగతా పది నిమిషాలు కలిపితే సరిపోదు. గడియారం సున్నా నుంచి తిరగాలి.

మీ పనిలో నెమ్మదిగా వేడెక్కే చోటు ఏది? ట్యూషన్ మాస్టారు తన బోధనను ముందు బెంచీ కుర్రాడితో కొలుచుకుంటే సంబరమే. చివరి బెంచీ పిల్లాడి నోటుబుక్కుతో కొలవాలి. కొట్టు యజమాని తాను గల్లాపెట్టె దగ్గరున్న గంటను కాదు, లేని గంటను కొలవాలి. ఎడతెగకుండా అన్న షరతునూ మీకు పెట్టుకోండి. నలభై రోజులు పొద్దున్నే చదవాలని నిర్ణయించుకుని పదిహేనో రోజు మానేస్తే, మిగిలినవి ఇరవై ఐదు అని సర్దిచెప్పుకోవద్దు. ఒకటి నుంచి లెక్కపెట్టండి. వినడానికి కటువుగా ఉంటుంది గానీ, అలవాటు లోపలిదాకా దిగిందో లేదో తెలిసేది అలాగే.

4. కంటికి కనిపించని పనికి కాగితమే సాక్షి

వేడి పురుగును చంపుతుంది, రేడియేషన్ అన్నిసార్లూ చంపదు. 400 గ్రే మోతాదు తిన్న పురుగు కొన్నాళ్లు కదులుతూ కనిపించవచ్చు. కానీ అది ఎదగలేదు, సంతానాన్ని పెంచలేదు, అంటే కొత్త దేశంలో కాపురం పెట్టలేదు. రేడియేషన్ ప్రమాణం ఈ సంగతిని దాచకుండా చెబుతుంది. ఫలితంగా తనిఖీ అధికారి పండు కోసినప్పుడు కదిలే పురుగు కనిపించినా, శుద్ధి జరిగిందో లేదో కంటితో తేల్చలేడు. తేల్చేది మోతాదు నమోదైన పత్రం ఒక్కటే.

2025 మే నెలలో ఏం జరిగిందో చూస్తే ఇది ఎంత ఖరీదైన సూత్రమో తెలుస్తుంది. మహారాష్ట్రలో రేడియేషన్ పొంది విమానంలో అమెరికా చేరిన 15 మామిడి షిప్‌మెంట్లను లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో ఆపేశారు. శుద్ధి జరిగిందని ఎగుమతిదారులు చెప్పారు. దాన్ని ధ్రువీకరించే పత్రం సక్రమంగా జారీ కాలేదని అమెరికా అధికారులు చెప్పారు. వెనక్కి తెప్పించుకునే ఖర్చు పండు ఖరీదును మించిపోతుంది కాబట్టి సరుకునంతా అక్కడే ధ్వంసం చేయించారు. నష్టం దాదాపు 5 లక్షల డాలర్లని ఎగుమతిదారులు అంచనా వేశారు. ఆ పళ్లను పాడు చేసింది పురుగు కాదు.

"పని చేసేవాడికి రాసే తీరిక ఎక్కడిది" అని మన మెట్టలో గొప్పగా చెప్పుకుంటాం. దూరం పెరిగేకొద్దీ రాయని పని చేయని పని కిందే జమ. అందుకని రోజూ పని అయిన ఐదు నిమిషాల్లోనే నాలుగు మాటలు రాయండి: ఏం చేశారు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ అంకె వచ్చింది. రాత్రికి గుర్తుచేసుకుని రాసేది రికార్డు కాదు, కథ. కథలో అంకెలన్నీ గుండ్రంగా ఉంటాయి. ఆరితేరిన తనిఖీదారు మొదట పట్టుకునేది ఆ గుండ్రటి అంకెలనే.

5. శుద్ధి అయ్యాక కలవనివ్వకండి

ఆవిరి గదిలో నుంచి వచ్చిన మామిడిని శుద్ధి కాని మామిడి పక్కన పెడితే ఒక్క ఈగ వాలి పని మొత్తం బూడిదపాలు చేస్తుంది. అందుకే శుద్ధి కేంద్రాల్లో కాయ ఒక తలుపులో నుంచి వెళ్లి ఇంకో తలుపులో నుంచి బయటికొస్తుంది. అవతల దోమతెర వేసిన గది, చిల్లులకు జాలీ కొట్టిన పెట్టెలు ఉంటాయి.

2013లో యూరప్ మన పళ్లు, కూరగాయల సరుకులో 207 సార్లు పురుగులు పట్టుకుంది. 2014 మే 1 నుంచి మామిడినీ, వంకాయ, కాకర, పొట్ల, చేమ వర్గపు కూరగాయలనూ నిషేధించింది. మన ప్రభుత్వం చేసిన పనుల్లో ముఖ్యమైంది, యూరప్ వెళ్లే సరుకంతా వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా గుర్తింపు ఉన్న ప్యాక్‌హౌస్‌ల గుండానే, సస్య రక్షణ అధికారుల తనిఖీలోనే వెళ్లాలని బిగించడం. ఎవరిష్టం వచ్చిన షెడ్డులో వాళ్లు కట్టే పద్ధతి ఆగింది. 2015 జనవరిలోనే మామిడి మీద నిషేధం ఎత్తేయడానికి యూరప్ ఒప్పుకుంది. పోయిన పరువును తిరిగి తెచ్చింది క్షమాపణ ఉత్తరాలు కాదు, సరుకు నడిచే దారిని మార్చడం.

మీరు మానుకున్న అలవాటు తిరిగి అంటుకునేది కూడా పాత దారిలోనే. సాయంత్రం పేకాట మానేసినవాడు ఆ అరుగు ముందు నుంచే ఇంటికి వెళితే ఎన్నాళ్లు ఆగగలడు? నిగ్రహాన్ని నమ్ముకునేకంటే వెళ్లే వీధిని మార్చుకోవడం తేలిక.

6. మూడో వంతు మారితే ముద్ర చెరిపేయండి

శుద్ధి అయిన ప్యాలెట్ మీద ఒక ముద్ర వేస్తారు: కంకి ఆకారపు గుర్తు, దేశం కోడ్, తయారీదారు నంబరు, వేడి శుద్ధి అయితే హెచ్‌టీ అన్న అక్షరాలు. ఆ ముద్ర ఉంటే చెక్కకు వేరే సర్టిఫికెట్ అడగరు. మరి వాడగా వాడగా పలకలు విరిగితే? కొత్తగా వేసిన చెక్క మూడో వంతు లోపు ఉంటే, ఆ ముక్కలు శుద్ధి చేసినవై, ఒక్కోదాని మీదా ముద్ర ఉంటే చాలు. మూడో వంతు దాటితే పాత ముద్రలన్నీ శాశ్వతంగా చెరిపేసి, ప్యాలెట్‌ను మొత్తంగా మళ్లీ శుద్ధి చేసి, కొత్త ముద్ర వేయాలి.

తాతల నాటి కొట్టు పేరు చెప్పుకుని బతికే మనందరికీ ఈ నియమం గుచ్చుకోవాలి. వంటవాడు మారాడు, నూనె కొనే చోటు మారింది, గల్లాపెట్టె దగ్గర మేనల్లుడు కూర్చున్నాడు. బోర్డు మీద మాత్రం "స్థాపితం" అని పాత సంవత్సరం మెరుస్తూనే ఉంది. ఏడాదికోసారి లెక్క చూసుకోండి. మీ పనిలో మనుషులు, సామాను, పద్ధతి కలిపి మూడో వంతు మారి ఉంటే, కొత్తగా దుకాణం తెరిచినట్టే మళ్లీ పరీక్షకు నిలబడండి.

ఒక హెచ్చరిక: శుద్ధి అన్నిటికీ మందు కాదు

ఫ్యూమిగేషన్ పురుగును చంపుతుంది. చెమ్మలో పెరిగిన బూజు వదిలిన అఫ్లటాక్సిన్ విషాన్ని గానీ, చేలో కొట్టిన మందుల అవశేషాలను గానీ తీసేయదు. యూరప్ మిర్చిలో అఫ్లటాక్సిన్ బీ1కు పెట్టిన పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు. దానికి విరుగుడు కల్లంలోనే ఉంది: నేల మీద కాకుండా శుభ్రమైన పట్టాల మీద ఆరబోయడం, తేమ 10-11 శాతానికి దించడం, తాలు కాయలు ఏరేయడం, రాత్రి మంచు పడకుండా కప్పడం. జగ్గయ్యపేట మండలం గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రంలో ఈ జాగ్రత్తల గురించి అడగవచ్చు. మనిషి విషయమూ ఇంతే. మొదట్లో చేయాల్సింది చేయకుండా, చివర్లో ఒక కోర్సో సర్టిఫికెట్టో తగిలిస్తే కొంత మేరకే పనికొస్తుంది.

ఇంకో సంగతి. గోదాములో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వదిలే గ్యాస్ ప్రాణాంతకం. దాన్ని శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లే వాడాలి. పడుకునే గది పక్కన నిల్వచేసిన బస్తాల్లో ఎవరో చెప్పారని ఆ బిళ్లలు వేయకండి.

ఈ వారం చేయాల్సిన పని

నిజంగా ఎగుమతి వైపు చూస్తున్నవారికి వరస ఇది. ముందు కొనే దేశపు షరతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఎగుమతి, దిగుమతి కోడ్ తీసుకోండి. మిర్చి అయితే స్పైసెస్ బోర్డులో, మామిడి అయితే అపెడాలో నమోదు చేయించుకోండి. శుద్ధిని గుర్తింపు ఉన్న సంస్థతోనే చేయించండి. కేంద్ర సస్య రక్షణ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో సరుకు పేరు, బరువు, శుద్ధి వివరం మీ ఇన్‌వాయిస్‌తో అక్షరం పొల్లు పోకుండా కలిశాయో లేదో ఓడ ఎక్కకముందే చూసుకోండి.

మిగతావారు మీ పనుల్లో ఒక్కదాన్ని ఎంచుకుని, ఒకే కాగితం మీద ఐదు ప్రశ్నలకు జవాబులు రాయండి. దీన్ని నమ్మాల్సిన అపరిచితుడు ఎవరు? అతని భయం ఏమిటి? అయిందని దేన్ని చూసి ఒప్పుకుంటాడు? నా పనిలో నెమ్మదిగా వేడెక్కే చోటు ఏది? అక్కడ ఈ వారం ఏ రోజు ఏ అంకె వచ్చింది?

వారం చివర ఆ కాగితాన్ని మీ ఊరివాడు కాని, మిమ్మల్ని ఎరగని మనిషికి ఇవ్వండి. పక్కన నిలబడి వివరించవద్దు. అతను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మీ పని విలువ కట్టగలిగితే కాగితం సరిగ్గా ఉన్నట్టు. ఏదైనా అడిగితే జవాబు నోటితో చెప్పకండి. కాగితంలో రాసి, వచ్చే వారం ఇంకో అపరిచితుడికి ఇవ్వండి.